మీ ఒత్తిడిని మీరే కొలుచుకోండి

జ్వరం వస్తే మన ఇళ్లలో ఏం చేస్తాం? ముందు నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాం. తరువాత థర్మామీటరు పెడతాం. 102 డిగ్రీలు ఉంటే ఒక నిర్ణయం, 99 ఉంటే మరొక నిర్ణయం. మధుమేహం ఉన్నవారు మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకుంటారు. కానీ ఒత్తిడి దగ్గరకు వచ్చేసరికి మనకు రెండే మాటలు. ఒకటి "చాలా టెన్షన్‌గా ఉంది", రెండు "టెన్షన్ పడకు". మొదటి మాటలో ఎంత అన్నది లేదు. రెండవ మాటలో ఎలా అన్నది లేదు. ఆ "ఎంత", ఆ "ఎలా" అన్న రెండు ప్రశ్నలకే ఈ పాఠం.

చదవడం మొదలుపెట్టే ముందు ఒక నోటు పుస్తకం, పెన్ను, సెకన్ల ముల్లు ఉన్న గడియారం దగ్గర పెట్టుకోండి. మధ్యమధ్య మీరు కొన్ని లెక్కలు వేసుకోవలసి ఉంటుంది.

ఒత్తిడి అంటే ఏమిటి?

ఒత్తిడి అనే మాట మొదట మనుషులది కాదు, వస్తువులది. ఒక ఇనుప కడ్డీ మీద బరువు పెడితే దాని లోపల ఎంత ఒత్తిడి పుడుతుంది, ఎంత బరువు దాకా అది వంగకుండా నిలుస్తుంది అని ఇంజనీర్లు లెక్క కడతారు. ఈ మాటను ప్రాణుల శరీరానికి అన్వయించి ప్రచారంలోకి తెచ్చినవాడు హాన్స్ సెల్యే. ఆయన కెనడాలోని మాంట్రియల్ నగరంలో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసేవాడు. ప్రయోగశాలలో ఎలుకలకు రకరకాల బాధలు కలిగించి చూశాడు. చలి, గాయం, అతిగా శ్రమ, విషపదార్థాలు, ఇలా కారణం ఏదైనా ఎలుక శరీరంలో కనిపించిన మార్పులు దాదాపు ఒక్కటే. అధివృక్క గ్రంథులు ఉబ్బాయి. థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది. జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. 1936లో ఆయన ఈ సంగతిని 'నేచర్' పత్రికలో ఒక చిన్న లేఖగా ప్రచురించాడు.

అంతకుముందే హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త మరొక విషయం గమనించాడు. కుక్క మొరుగుడుకు బెదిరిన పిల్లి రక్తంలో అధివృక్క గ్రంథుల స్రావం పెరుగుతోంది. ప్రమాదం ఎదురైనప్పుడు ప్రాణి పోరాడాలి, లేదా పారిపోవాలి. రెండింటికీ శక్తి కావాలి. శరీరం ఆ శక్తిని సమకూర్చుకునే ఏర్పాటు ఇది అని ఆయన వివరించాడు. 1915లో వెలువడిన ఆయన పుస్తకంతో ఈ భావన లోకానికి తెలిసింది.

ఇప్పుడు మన శరీరంలో జరిగేది చూద్దాం. మీరు రోడ్డు దాటుతుండగా లారీ హారన్ గట్టిగా మోగింది. ఒక్క క్షణంలో సహానుభూత నాడీ వ్యవస్థ మేల్కొంటుంది. అధివృక్క గ్రంథుల నుంచి అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కంటిపాపలు విచ్చుకుంటాయి, అరచేతులు చెమర్చుతాయి, జీర్ణక్రియ నెమ్మదిస్తుంది. ఇది సెకన్లలో జరిగే పని. దీని వెనకే నిదానంగా నడిచే రెండవ ఏర్పాటు ఒకటి ఉంది. మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథికి సంకేతం పంపుతుంది. పీయూష గ్రంథి అధివృక్క గ్రంథులకు పంపుతుంది. అప్పుడు కార్టిసాల్ అనే హార్మోను విడుదలై రక్తంలో చక్కెరను పెంచి, దీర్ఘకాలపు ప్రయత్నానికి శరీరాన్ని సిద్ధం చేస్తుంది. పని పూర్తి కాగానే ఆ కార్టిసాలే మెదడుకు "ఇక చాలు" అనే కబురు చేరవేస్తుంది. ఏర్పాటు తనంతట తాను ఆగిపోతుంది.

లారీ వెళ్లిపోయింది, మీరు రోడ్డు దాటేశారు, పది పదిహేను నిమిషాల్లో దడ తగ్గింది. ఇంతవరకు ఇది ప్రకృతి ఇచ్చిన రక్షణ. చిక్కల్లా వెళ్లిపోని లారీతోనే. ప్రతినెలా కట్టవలసిన వాయిదా, నెలల తరబడి మంచం పట్టిన పెద్దవారు, పిల్లవాడి పరీక్షలు, మాట పడనీయని పై అధికారి. ఇవి పోరాడితే పోయేవి కావు, పారిపోవడానికి వీలున్నవీ కావు. సెకన్ల కోసం ఏర్పడిన వ్యవస్థ నెలల తరబడి పనిచేస్తూ ఉంటే నష్టం మొదలవుతుంది.

నష్టం మాటల్లోనేనా, నిజంగానా?

ఇది కేవలం మనసుకు సంబంధించిన సంగతి అని చాలామంది కొట్టిపారేస్తారు. రెండు పరిశోధనలు చెబుతాను, చూడండి.

1991లో షెల్డన్ కోహెన్, ఆయన సహచరులు ఇంగ్లండులో 394 మంది ఆరోగ్యవంతులను తీసుకుని ముందుగా వారి ఒత్తిడిని కొలిచారు. తరువాత వారి ముక్కులో జలుబు కలిగించే వైరస్ చుక్కలు వేశారు. ఒత్తిడి తక్కువగా ఉన్నవారిలో సుమారు 27 శాతం మందికి జలుబు చేసింది. ఒత్తిడి బాగా ఎక్కువగా ఉన్నవారిలో సుమారు 47 శాతం మందికి చేసింది. అందరికీ ఇచ్చినది వైరసే. తేడా వచ్చింది ఎదుర్కొనే శక్తిలో.

రెండవది 1995లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. మతిమరుపు వ్యాధి ఉన్న బంధువులకు ఇంట్లో సేవ చేస్తున్న 13 మంది స్త్రీలను, అదే వయసులో ఉండి అటువంటి బాధ్యత లేని మరో 13 మందిని తీసుకున్నారు. అందరి చేతి మీదా 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, మానడానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్కపెట్టారు. బాధ్యత లేనివారికి సగటున 39 రోజులు పట్టింది. సేవ చేస్తున్నవారికి దాదాపు 49 రోజులు. అంటే ఇంటి బరువు చర్మం దాకా చేరింది అన్నమాట. సంఖ్య చిన్నదే అయినా, మన ఇళ్లలో రోగికి సేవ చేసే ఇల్లాలి ఆరోగ్యాన్ని ఎవరూ అడగరన్న సంగతి తలచుకుంటే ఈ పది రోజుల తేడా చిన్నదిగా తోచదు.

అలాగని ప్రతి జబ్బునూ ఒత్తిడి ఖాతాలో వేయకూడదు. కడుపులో పుండుకు ఒత్తిడే ముఖ్య కారణమని వైద్యులు దశాబ్దాలపాటు నమ్మారు. చాలావాటికి కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా అని ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ నిరూపించారు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. కనుక "అంతా టెన్షనేలే" అని వైద్య పరీక్ష మానుకోవడం కూడా ప్రమాదమే.

మరొక మాట. ఒత్తిడి అసలే ఉండకూడదా? అదీ కాదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగాల నుంచి ఒక సూత్రం పుట్టింది. ప్రేరణ మరీ తక్కువైతే నేర్చుకోవడం సాగదు, మరీ ఎక్కువైనా సాగదు. పని ఎంత కష్టమైనదైతే అంత తక్కువ ప్రేరణ చాలు. వీణ తీగను గుర్తు తెచ్చుకోండి. వదులైతే పలకదు, మరీ బిగిస్తే తెగుతుంది. కొలత ఎందుకంటే బిగువు ఎంతుందో తెలుసుకోవడానికే.

మొదటి కొలత: జీవితంలో వచ్చిన మార్పులు

1967లో అమెరికాకు చెందిన థామస్ హోమ్స్, రిచర్డ్ రాహె ఒక పట్టిక తయారుచేశారు. అందులో 43 సంఘటనలు ఉన్నాయి. జీవిత భాగస్వామి మరణానికి 100 మార్కులు, విడాకులకు 73, పెళ్లికి 50, ఇల్లు మారడానికి 20. గడచిన సంవత్సరంలో మీకు జరిగినవాటి మార్కులు కూడుకోవాలి. ఇందులో ఒక విశేషం గమనించండి. పెళ్లి వంటి శుభకార్యానికి కూడా మార్కులున్నాయి. మంచిదైనా చెడ్డదైనా, మార్పుకు అలవాటు పడడం శరీరానికి శ్రమే అని వారి భావన.

కానీ అమెరికా జీవితం వేరు, మన జీవితం వేరు. ఆ పట్టికలో క్రిస్మస్ పండుగ ఉంది గానీ పంట నష్టం లేదు. ఆ లోటు తీర్చడానికి గుర్మీత్ సింగ్, మరో ఇద్దరు సహపరిశోధకులు 1984లో భారతీయుల కోసం 51 సంఘటనల పట్టికను రూపొందించారు. ఇందులో భార్య లేక భర్త మరణానికి 95 మార్కులు. సంతానం లేకపోవడానికి 67. ఆస్తి లేక పంట దెబ్బతినడానికి 61. అత్తమామలతో తగవుకు 57. కూతురి లేక చెల్లెలి పెళ్లి చేయడానికి 49. పరీక్షకో ఇంటర్వ్యూకో హాజరు కావడానికి 43. చివరికి తీర్థయాత్రకు లేక విహారయాత్రకు కూడా 20 మార్కులున్నాయి. తిరుమలకు పదిమందితో బయలుదేరి, సామాన్లు, టిక్కెట్లు, పిల్లలు, క్యూలైన్లు చూసుకున్నవారికి ఆ 20 ఎక్కడివో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నోటు పుస్తకంలో ఒక పేజీ తీసి, గడచిన 12 నెలల్లో మీ ఇంట్లో వచ్చిన పెద్ద మార్పులు రాయండి. మంచివి కూడా రాయండి. మార్కులు వేయకపోయినా ఫరవాలేదు. చాలామంది ఈ జాబితా చూసుకున్నాకే "ఒక్క ఏడాదిలో ఇన్ని జరిగాయా!" అనుకుంటారు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. ఒకే సంఘటన ఇద్దరికి ఒకేలా ఉండదు. బదిలీ కోరుకున్న ఉద్యోగికి బదిలీ పండుగ, కోరనివాడికి శిక్ష. ఎక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన జబ్బు వస్తుందని చెప్పలేం. అందుకే రెండవ కొలత అవసరమైంది.

రెండవ కొలత: మీకు ఎలా అనిపిస్తోంది?

పైన చెప్పిన షెల్డన్ కోహెన్ 1983లో మరో ఇద్దరితో కలిసి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. మొదట 14 ప్రశ్నలుండేవి. ఇప్పుడు ఎక్కువగా వాడేది 10 ప్రశ్నలది. ఇది మీకు ఏం జరిగింది అని అడగదు. గడచిన నెల రోజుల్లో జరిగినది మీకు ఎలా అనిపించింది అని అడుగుతుంది. ఆ ప్రశ్నలు స్థూలంగా నాలుగు సంగతుల చుట్టూ తిరుగుతాయి.

ఒకటి, ముఖ్యమైన విషయాలు మీ చేతుల్లో లేవని ఎంత తరచుగా అనిపించింది? రెండు, పనులు కుప్ప పడిపోయి ఇక మోయలేనని ఎంత తరచుగా అనిపించింది? మూడు, మీ సమస్యలను మీరు చక్కబెట్టుకోగలరన్న నమ్మకం ఎంత తరచుగా కలిగింది? నాలుగు, పరిస్థితులు అనుకూలంగా సాగుతున్నాయని ఎంత తరచుగా అనిపించింది?

ప్రతిదానికీ "ఎప్పుడూ లేదు" అంటే 0, "దాదాపు లేదు" అంటే 1, "అప్పుడప్పుడు" 2, "తరచుగా" 3, "చాలా తరచుగా" 4. మొదటి రెండింటికి ఉన్న మార్కులే వేసుకోవాలి. చివరి రెండు మంచి సంగతులు కనుక వాటికి మార్కులు తిరగేయాలి. అంటే 4 వస్తే 0, 3 వస్తే 1 అన్నమాట. పూర్తి ప్రశ్నావళిలో మొత్తం 0 నుంచి 40 దాకా రావచ్చు. ఈ నాలుగింటితో 0 నుంచి 16 దాకా వస్తుంది. తేదీ వేసి రాసుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది జబ్బును నిర్ధారించే పరీక్ష కాదు. ఇంత దాటితే రోగం అని చెప్పే గీత దీనిలో లేదు. పక్కింటివారి మార్కులతో పోల్చుకుంటే మీకు ఒరిగేదీ లేదు. మీ ఈ నెల మార్కులను మీ పోయిన నెల మార్కులతో పోల్చుకోవడమే దీని ఉపయోగం.

మూడవ కొలత: శరీరం చెప్పే లెక్క

మన భాషలో ఒత్తిడికి ఉన్న మాటలన్నీ శరీరం మాటలే. గుండె దడ, తల బరువు, కడుపులో తిప్పడం, మెడ పట్టేయడం, కంటికి కునుకు రాకపోవడం. మన పెద్దలకు హార్మోన్ల పేర్లు తెలియకపోయినా ఒత్తిడి ఎక్కడ కూర్చుంటుందో బాగా తెలుసు.

రెండు వారాలపాటు రోజూ ఒక వరుస రాయండి. అందులో అయిదు గడులు చాలు. ఒకటి, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. రెండు, పొద్దున లేవగానే, కాఫీ తాగకముందు, నాడి ఎంత. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. పెద్దవారికి విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 మధ్య సహజం. మూడు, శరీరంలో ఎక్కడైనా నొప్పి, బిగుతు. నాలుగు, ఆ రోజు ఒత్తిడికి మీరు వేసుకునే మార్కు 0 నుంచి 10. అయిదవ గడి అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ రోజు ఒత్తిడి ఎక్కువగా ఉన్న సమయం ఏది, అప్పుడు ఏం జరుగుతోంది.

జ్వరం, రక్తహీనత, థైరాయిడ్ సమస్య, కొన్ని మందులు కూడా నాడిని పెంచుతాయి. కనుక వారం రోజులు వరుసగా 100 దాటుతూ ఉంటే ఒత్తిడి అనుకుని ఊరుకోకుండా వైద్యుడికి చూపించుకోవాలి.

లెక్క ఏం చెబుతుంది?

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇల్లాలికి 46 ఏళ్లు, ప్రభుత్వ పాఠశాలలో టీచరు. అత్తగారికి పక్షవాతం వచ్చి ఆరు నెలలైంది. కొడుకు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం. ఇంటి రుణం వాయిదా ప్రతినెలా 5వ తేదీన కట్టాలి. భర్త పక్క పట్టణంలో ఉద్యోగం చేసి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరతాడు. ఈ మధ్య ఆమెకు చీటికిమాటికి కోపం వస్తోంది. పిల్లవాడి మీద అరిచి, తరువాత తానే బాధపడుతోంది. "నాకే ఓపిక తగ్గిపోయింది, నా స్వభావమే ఇలా అయిపోయింది" అనుకుంటోంది.

రెండు వారాలు లెక్క రాసింది. చూస్తే ఉదయం మార్కు 3, బడిలో 4. సాయంత్రం అయిదు నుంచి ఏడున్నర దాకా 8, 9. ఆ సమయంలోనే పగలు అత్తగారిని చూసుకునే ఆయా వెళ్లిపోతుంది. అత్తగారికి పక్క మార్చాలి, పిల్లవాడికి ట్యూషన్‌కు ముందు తినడానికి పెట్టాలి, రాత్రి వంట మొదలుపెట్టాలి. ఆదివారం భర్త ఇంట్లో ఉన్నప్పుడు అదే సమయానికి మార్కు 4. స్వభావమే మారిపోతే ఆదివారం కూడా 9 ఉండాలి కదా! అంటే మారింది ఆమె స్వభావం కాదు. రెండున్నర గంటల్లో ముగ్గురి పని ఒక్కరి మీద పడుతోంది.

ఈ తేడా తెలియడమే కొలతలో అసలు ప్రయోజనం. తెలియనంతకాలం మనిషి తనను తాను నిందించుకుంటూ ఉంటాడు. తెలిశాక ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక కాగితం చేతిలో ఉంటుంది. ఆయాను సాయంత్రం మరో రెండు గంటలు ఉండమని అడిగి ఆ మేరకు జీతం పెంచవచ్చు. అత్తగారికి రాత్రి భోజనం పెట్టి పడుకోబెట్టే పని కొడుకైన భర్త తీసుకోవచ్చు. ఆడపడుచు నెలకు రెండు ఆదివారాలు వచ్చి తల్లి దగ్గర ఉండవచ్చు. "నువ్వు కాస్త ఓపిక పట్టు" అనడం కన్నా ఇవి ఎంతో మేలు చేస్తాయి.

రెండు రకాల ఉపాయాలు

1984లో రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒత్తిడిని ఎదుర్కొనే తీరులను రెండుగా విభజించారు. సమస్యను మార్చే ప్రయత్నం ఒకటి. సమస్య వల్ల మనలో రేగిన కలతను తగ్గించుకునే ప్రయత్నం రెండవది. నోటు పుస్తకంలో ఒక పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమవైపు నేను మార్చగలిగినవి, కుడివైపు నేను మార్చలేనివి. అత్తగారి పక్షవాతం కుడివైపు. సాయంత్రం పని పంపకం ఎడమవైపు. వాయిదా మొత్తం కుడివైపు కావచ్చు గానీ, దాని తేదీని జీతం పడే తేదీకి సర్దమని బ్యాంకును అడగడం ఎడమవైపు.

ఎడమవైపు ఉన్నదానికి ప్రాణాయామం మందు కాదు. మాట్లాడడం, అడగడం, పంచుకోవడం, కొన్నిటికి కాదనడం మందు. కుడివైపు ఉన్నదానికి ఎంత ఆలోచించినా పరిష్కారం దొరకదు. అక్కడ శరీరాన్ని, మనసును నెమ్మదింపజేయడమే మార్గం. ఈ రెండింటినీ తారుమారు చేసుకోవడం వల్లనే మన శ్రమ చాలా భాగం వృథా అవుతోంది.

శరీరాన్ని నెమ్మదింపజేసే పద్ధతులు

మొదటిది శ్వాస. గుండె వేగాన్ని మనం నేరుగా తగ్గించలేం, కానీ శ్వాస మన అదుపులో ఉంది. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె కొద్దిగా నెమ్మదిస్తుంది. కనుక వదలడం తీసుకోవడం కన్నా పొడవుగా ఉండాలి. నిటారుగా కూర్చుని నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఒక అంకెకు ఒక సెకను. నిమిషానికి ఆరు శ్వాసలు అవుతాయి. రోజుకు రెండుసార్లు అయిదేసి నిమిషాలతో మొదలుపెట్టండి. తల తిరిగితే ఆపి మామూలుగా గాలి పీల్చండి.

రెండవది కండరాల విశ్రాంతి. షికాగో వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ 1929లో ఈ పద్ధతి గురించి పుస్తకం రాశాడు. పిడికిలి గట్టిగా బిగించి అయిదు సెకన్లు ఉంచండి, తరువాత పూర్తిగా వదిలేసి పదిహేను సెకన్లు ఆ వదులును గమనించండి. అలాగే భుజాలు, ముఖం, పొట్ట, కాళ్లు. బిగువుకూ వదులుకూ తేడా తెలియడం మొదలైతే, పగలు పనిలో ఉన్నప్పుడు కూడా భుజాలు ఎత్తి బిగపట్టుకున్నామని మనకే తెలుస్తుంది.

మూడవది నడక. అడ్రినలిన్ సమకూర్చిన శక్తి ఖర్చు కావలసింది కండరాల్లోనే. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే సరిపోతుంది.

నాలుగవది నిద్ర. పెద్దవారికి ఏడు గంటలు తగ్గకూడదు. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరుకు తాగిన కాఫీ రాత్రి పదకొండుకు ఇంకా సగం మీలోనే ఉంటుంది. మద్యం తొందరగా నిద్ర పట్టిస్తుందేమో గానీ అర్ధరాత్రి తరువాతి నిద్రను చెడగొడుతుంది. పడుకోబోయే ముందు అయిదు నిమిషాలు, రేపు చేయవలసిన పనులను కాగితం మీద రాసి పక్కన పెట్టండి. 2018లో అమెరికాలో 57 మంది మీద జరిగిన ఒక పరిశోధనలో, ఇలా రాసినవారికి అయిపోయిన పనులు రాసుకున్నవారి కన్నా సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది.

అయిదవది మనుషులు. సాయంత్రం అరుగు మీద కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునే అలవాటు అపార్టుమెంట్లలో తగ్గింది. సూరత్‌లోనో షోలాపూర్‌లోనో గల్ఫ్‌లోనో ఒంటరిగా ఉండి పనిచేసే మనవారికి అది మరీ కరువు. వారానికి ఒకరోజు, ఒక గంట, ఒక నమ్మకమైన మనిషితో మాట్లాడడం కూడా మీ పట్టికలో ఒక గడిగా చేర్చండి.

మీ ఒక్కరి వల్లా కానివి

లండన్‌లోని ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం గురించి చెప్పుకోవాలి. పెద్ద బాధ్యతలు మోసే ఉన్నతాధికారులకే గుండెజబ్బులు ఎక్కువని అందరూ అనుకునేవారు. లెక్క తీస్తే తిరగబడింది. అన్నిటికన్నా కింది తరగతి ఉద్యోగుల్లో గుండెజబ్బు మరణాలు పై తరగతివారి కన్నా మూడు రెట్లకు మించి ఉన్నాయి. పొగతాగడం వంటివి కొంత కారణమే గానీ, మొత్తం తేడాకు అవి చాలలేదు. 1985లో మొదలైన రెండవ అధ్యయనంలో మరొక సంగతి బయటపడింది. తమ పనిని తాము ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు లేనివారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువ.

దీని నుంచి మనం నేర్చుకోవలసింది ఏమిటి? పని ఎక్కువ, స్వేచ్ఛ తక్కువ అయినచోట మనిషి ఒత్తిడికి లోనవుతాడు. అతనికి ధ్యానం నేర్పితే కొంత ఉపశమనం కలుగుతుంది గానీ మూలం అలాగే ఉంటుంది. మీరు ఒక కార్యాలయానికో, పాఠశాలకో, దుకాణానికో, ఇంటికో పెద్ద అయితే, మీ కింద పనిచేసేవారి పట్టిక ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. మీరు తీసుకునే ఒక చిన్న నిర్ణయం వారి అయిదవ గడిని మార్చవచ్చు.

ఎప్పుడు సహాయం కోరాలి?

కొన్ని లక్షణాలు ఇంటి ఉపాయాలకు లొంగవు. రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉండడం, ఇంతకుముందు ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి బాగా దెబ్బతినడం, మద్యం లేనిదే గడవకపోవడం, బతకడం వృథా అనిపించడం. ఇవి స్వభావ లోపాలు కావు, దైవశాపాలు కావు, చికిత్స ఉన్న స్థితులు. ఛాతీలో నొప్పి, ఎడమ చేతికి గానీ దవడకు గానీ పాకే నొప్పి, చల్లని చెమటలు వస్తే ఒత్తిడి అని తాత్సారం చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ అనే సహాయ సేవను ప్రారంభించింది. 14416 అనే సంఖ్యకు పగలు గానీ రాత్రి గానీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన మీకు గానీ, మీకు తెలిసినవారికి గానీ వస్తే ఆలస్యం చేయకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా పక్కన ఉండండి, ఫోన్ చేయండి, ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో ఇంట్లో పిల్లలున్నవారు ఈ సంఖ్యను గోడ మీది క్యాలెండరు పక్కన రాసి పెట్టుకోండి. మార్కులు తగ్గితే మళ్లీ రాయడానికి సప్లిమెంటరీ పరీక్ష ఉంటుందని ఫలితాలు రాకముందే పిల్లలకు చెప్పండి.

ఈ వారం చేయవలసిన అభ్యాసం

ఇప్పటిదాకా చెప్పుకున్నవి క్లుప్తంగా మరోసారి. ఒత్తిడి శరీరం చేసే రక్షణ ఏర్పాటు. ఆగకుండా నడిస్తేనే అది నష్టం. దాన్ని మూడు విధాలుగా చూడవచ్చు: జరిగిన మార్పులు, మనకు అనిపించేది, శరీరం చూపించేది. మార్చగలిగినవాటికి పని, మార్చలేనివాటికి విశ్రాంతి.

ఇక అభ్యాసం. ఈ రాత్రి నాలుగు ప్రశ్నలకు మార్కులు వేసుకుని తేదీ రాయండి. రేపు పొద్దున నాడి చూసి పట్టిక మొదలుపెట్టండి. పద్నాలుగు రోజులు నిండాక అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పడిన సమయాన్ని చుట్టి, దాన్ని మార్చడానికి ఒకే ఒక్క పని ఎంచుకోండి. ఆ పట్టికను ఇంట్లో ఒకరికి చూపించండి. నెల తరువాత నాలుగు ప్రశ్నలకు మళ్లీ జవాబులు రాయండి. మార్కు తగ్గితే సంతోషం. తగ్గకపోతే, మీరు ఓడిపోయారని కాదు. బరువు ఇంకా ఎక్కువగా ఉందని, మోయడానికి మరొకరి చెయ్యి కావాలని దాని అర్థం. ఆ చెయ్యి అడగడానికి మొహమాటపడకండి. సెలవు.